బ్యాటరీ మీటరులో 30, మోటారు తీగలో 150

72 వోల్టుల బ్యాటరీతో సొంతంగా కట్టుకున్న స్కూటరు. వెనుక ఒకరిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కుతోంది. వేగం గంటకు 12 కిలోమీటర్లకు పడిపోయింది. హ్యాండిల్ దగ్గరి మీటరు మాత్రం బ్యాటరీ నుంచి 30 ఆంపియర్లే వస్తున్నాయని చూపిస్తోంది. కంట్రోలరును కట్టింది 50 ఆంపియర్లకు. ఆ లెక్కన ఇంకా 20 ఆంపియర్ల వెసులుబాటు ఉండాలి. అయినా ఫ్లైఓవర్ దిగేలోపే సీటు కింద నుంచి కాలిన వాసన వస్తుంది. విప్పి చూస్తే, కరెంటును ఆన్, ఆఫ్ చేసే 18 మాస్ఫెట్లలో ఒకటి రెండు పగిలి ఉంటాయి. తిన్నని రోడ్డు మీద గంటకు 50 వేగంతో పోయినప్పుడు చల్లగా ఉన్న డబ్బా, నెమ్మదిగా ఎక్కితే ఎందుకు కాలింది?

కొత్తగా కంట్రోలరు కట్టేవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడతారు. పెద్ద హీట్ సింక్ తెస్తారు, ఫ్యాను బిగిస్తారు, మాస్ఫెట్లు మార్చి మళ్లీ కాలుస్తారు. ఒక్కో సెట్టుకు ఖర్చు, దానికి మించిన నిరుత్సాహం. మంచి పని చేయగల కుర్రాళ్లు ఈ దశలోనే ప్రాజెక్టును మూల పడేయడం బాధ కలిగిస్తుంది. ఫ్యాను కొనే ముందు ఒక కాగితం తీసుకుని, వేడి ఏ దారిన ఎన్ని వాట్లు వస్తోందో రాసుకుంటే జబ్బు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ముందు ఆ 30 ఆంపియర్ల సంగతి. కంట్రోలరు బ్యాటరీ వోల్టేజీని సెకనుకు వేలసార్లు కోసి మోటారుకు ఇస్తుంది. 20 సెల్స్ వరుసగా ఉన్న ప్యాక్ నిండా ఛార్జ్ అయితే 84 వోల్టులు. నెమ్మదిగా ఎక్కేటప్పుడు డ్యూటీ, అంటే స్విచ్ ఆన్‌లో ఉండే కాలం, 20 శాతమే అయితే, మోటారుకు సగటున అందేది 16.8 వోల్టులు. బ్యాటరీ వైపు 84 వోల్టులు, 30 ఆంపియర్లు గుణిస్తే 2,520 వాట్లు. అంతే శక్తి మోటారు వైపు 16.8 వోల్టుల వద్ద వెళ్లాలంటే కరెంటు 150 ఆంపియర్లు ఉండాలి. బ్యాటరీ తీగలో 30, మోటారు తీగలో 150. మాస్ఫెట్లను వేడెక్కించేది ఈ రెండో అంకె.

ఇంకా చేటు చేసేది మరొకటి ఉంది. ఇంట్లో కట్టిన కంట్రోలర్లలో కరెంటును కొలిచే షంట్‌ను ఎక్కువగా బ్యాటరీ నెగెటివ్ తీగలోనే పెడతారు. అది 50 ఆంపియర్ల దగ్గర ఆపేలా ప్రోగ్రామ్ రాస్తారు. 20 శాతం డ్యూటీ దగ్గర బ్యాటరీ వైపు 50 అంటే మోటారు వైపు 250. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, 150తో పోలిస్తే 250 దగ్గర అది 2.8 రెట్లు. రక్షణ పనిచేస్తూనే ఉంటుంది, మాస్ఫెట్లు కాలుతూనే ఉంటాయి. చక్రం కదలకుండా ఉన్నప్పుడైతే కరెంటు ఒకే జత స్విచ్‌ల గుండా ఆగకుండా పారుతుంది. మిగతావాటికి వంతు రాదు.

వేడి పద్దులు

లెక్కకు ఒక నమూనా కావాలి. ఇలాంటి బండ్లలో బాగా వాడే ఐఆర్‌ఎఫ్‌బీ4110 తీసుకుందాం. ఇది 100 వోల్టుల మాస్ఫెట్. 25 డిగ్రీల దగ్గర దాని ఆన్ నిరోధం గరిష్ఠంగా 4.5 మిల్లీఓమ్‌లు. ఒక్కో స్విచ్‌కు మూడేసి సమాంతరంగా పెడితే 1.5 మిల్లీఓమ్‌లు. ఏ క్షణం చూసినా కరెంటు పైన ఒక స్విచ్, కింద ఒక స్విచ్ దాటుతుంది కాబట్టి దారిలో మొత్తం 3 మిల్లీఓమ్‌లు. 150ని 150తో గుణించి 0.003తో గుణిస్తే 67.5 వాట్లు.

ఇది చల్లటి లెక్క. మాస్ఫెట్ లోపలి చిప్ 110 డిగ్రీల ప్రాంతానికి చేరితే దాని నిరోధం సుమారు 1.7 రెట్లవుతుంది. అప్పుడు 67.5 కాస్తా 115 వాట్లు. వేడి నిరోధాన్ని పెంచుతుంది, నిరోధం వేడిని పెంచుతుంది. డేటాషీట్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉండే 25 డిగ్రీల అంకెను నమ్మి డిజైన్ చేస్తే ఈ తేడా కనపడదు.

రెండో పద్దును చాలామంది రాయనే రాయరు. 20 శాతం డ్యూటీలో పై స్విచ్ ఆన్‌లో ఉండేది అయిదో వంతు కాలమే. మిగతా నాలుగు వంతులూ మోటారు కాయిల్‌లోని కరెంటు ఆగదు. పై స్విచ్‌కు జతగా ఉన్న కింది మాస్ఫెట్ డయోడ్ గుండా తిరుగుతుంది. ఆ డయోడ్ మీద 0.9 వోల్టు పడుతుందనుకుంటే 150 ఆంపియర్లకు 135 వాట్లు, అందులో 80 శాతం కాలానికి 108 వాట్లు. ఆ సమయంలో కింది మాస్ఫెట్‌నే ఆన్ చేస్తే కరెంటు డయోడ్‌ను వదిలి చానల్ గుండా పోతుంది. అప్పుడు వేడెక్కిన నిరోధంతో లెక్కేసినా 46 వాట్లే. పైన చెప్పిన 115 వాట్లలో ఈ 46 కలిసే ఉంది. ఆ పని చేయని కంట్రోలరులో మొత్తం 177కు చేరుతుంది. తేడా 62 వాట్లు. దానికి అయ్యే ఖర్చు ప్రోగ్రామ్‌లో కొన్ని వరుసలు, కాస్త జాగ్రత్త. ఫ్లైఓవర్ మీద కాలి, తిన్నని రోడ్డు మీద కాలని కంట్రోలరులో నేను మొదట అనుమానించేది దీన్నే. ఎందుకంటే డ్యూటీ 90 శాతానికి చేరాక డయోడ్‌కు మిగిలేది 10 శాతం కాలమే.

అసలు దోషం గేట్ దగ్గర

మాస్ఫెట్ ఆన్‌లో ఉంటే దాని మీద వోల్టేజీ దాదాపు లేదు. ఆఫ్‌లో ఉంటే కరెంటు లేదు. ఒక స్థితి నుంచి మరో స్థితికి మారే ఆ కొద్ది నానోసెకన్లలో మాత్రం రెండూ ఉంటాయి. వోల్టేజీని కరెంటుతో, మారే సమయంతో, సెకనుకు మారే సార్లతో గుణించి సగం చేస్తే ఆ నష్టం వస్తుంది. 84 వోల్టులు, 150 ఆంపియర్లు, ఆన్ ఆఫ్ రెండూ కలిపి 400 నానోసెకన్లు, 16 కిలోహెర్ట్‌జ్‌లు. జవాబు 40 వాట్లు. భరించదగ్గదే.

ఇప్పుడు ఒక్క భాగం మారుద్దాం. మూడు మాస్ఫెట్లనూ తెరిచి మూసే గేట్లను కలిపి ఒకే 100 ఓమ్‌ల రెసిస్టర్‌కు ఇచ్చారనుకోండి. ఈ మాస్ఫెట్ మారేటప్పుడు గేట్ వోల్టేజీ సుమారు 5 దగ్గర కాసేపు ఆగుతుంది. ఆ దశ దాటడానికి ఒక్కో మాస్ఫెట్‌కు 43 నానోకూలంబ్‌ల ఛార్జ్ కావాలి. మూడింటికి 129. గేట్‌ను నడిపే డ్రైవర్ 12 వోల్టులిస్తే మిగిలేది 7 వోల్టులు. 100 ఓమ్‌ల గుండా వచ్చేది 0.07 ఆంపియర్. ఆన్ కావడానికి 1.8 మైక్రోసెకన్లు. ఆఫ్ అయ్యేటప్పుడు తోసే వోల్టేజీ 5 మాత్రమే గనుక 2.6 మైక్రోసెకన్లు. మొత్తం 4.4. అదే సూత్రంలో ఈ అంకె వేస్తే స్విచింగ్ నష్టం 40 నుంచి 440 వాట్లు దాటుతుంది. ఒక రెసిస్టర్ తెచ్చిన తేడా ఇది. ఒక్కో గేట్‌కు విడిగా 10 ఓమ్‌లు ఇచ్చి, 2 ఆంపియర్ల స్థాయి డ్రైవర్ పెడితే అదే దశ ఆన్‌కు 61, ఆఫ్‌కు 86 నానోసెకన్లలో ముగుస్తుంది. కరెంటు ఎక్కే, దిగే సమయాన్ని కలుపుకున్నా 400 లోపే ఉండొచ్చు.

మైక్రోకంట్రోలర్ కాలు నుంచి నేరుగా గేట్‌కు తీగ లాగిన కంట్రోలరు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 5 వోల్టులతో, 20 మిల్లీఆంపియర్లతో ఈ మాస్ఫెట్ పూర్తిగా తెరుచుకోదు. ఆర్డుయినో ఊనోలో చాలా పిన్నులకు మామూలుగా వచ్చే 490 హెర్ట్‌జ్ పల్స్‌నే వాడితే ఇంకో చిక్కు. మోటారు ఇండక్టెన్స్ 200 మైక్రోహెన్రీలనుకుంటే, సగం డ్యూటీలో కరెంటు అల 16 కిలోహెర్ట్‌జ్‌ల దగ్గర 6.6 ఆంపియర్లు. 490 దగ్గర లెక్క 214కు పోతుంది. స్విచింగ్ తగ్గిస్తే చల్లబడుతుందన్న సలహాకు హద్దు ఇక్కడుంది.

మరి ఇంత తెలిసీ 100 ఓమ్‌లు ఎందుకు పెడతారు? భయం. అది నిజమైన భయమే. కెపాసిటర్ల నుంచి మాస్ఫెట్ల దాకా తీగల చుట్టు 10 సెంటీమీటర్లుంటే దాని ఇండక్టెన్స్ సుమారు 100 నానోహెన్రీలు. 150 ఆంపియర్లను 150 నానోసెకన్లలో ఆపితే ఆ తీగల్లోనే 100 వోల్టులు పుడతాయి. 84కు 100 కలిస్తే 184. మాస్ఫెట్ తట్టుకునేది 100. అది పగలకుండా ఉండటానికి ఎవరో గేట్ రెసిస్టర్ పెంచుతారు. ఆ వోల్టేజీ స్పైక్ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. వేడికి ఫ్యాను పెడతారు. ఒక చోటి తప్పును రెండో చోట, రెండో చోటి తప్పును మూడో చోట సర్దడం ఇది. చేయాల్సింది మొదటి చోటే. కెపాసిటర్లను మాస్ఫెట్ల కాళ్లకు ఆనించి, ప్లస్, మైనస్ రాగి పట్టీలను మధ్యలో పలుచటి ఇన్సులేషన్‌తో ఒకదాని మీద ఒకటి పరిస్తే 20 నానోహెన్రీల దగ్గరకు తేవచ్చు. అప్పుడు 400 నానోసెకన్లలో ఆపితే స్పైక్ 7.5 వోల్టులే. 84 వోల్టుల ప్యాక్‌కు 100 వోల్టుల మాస్ఫెట్ ఇరుకైన అంగీ అనే నా అభిప్రాయం. 150 వోల్టుల ఐఆర్‌ఎఫ్‌పీ4568 నిరోధం గరిష్ఠంగా 5.9 మిల్లీఓమ్‌లు. కాస్త ఎక్కువే, కానీ వోల్టేజీలో దొరికే ఊపిరి దానికి తగినంత ఉంది. పెద్ద ప్యాకేజీ కాబట్టి వేడిని దించడమూ తేలిక.

గేట్ నెమ్మదైతే మరో దోషం కూడా పుడుతుంది. ఆఫ్ కావడానికి 2.6 మైక్రోసెకన్లు పట్టే స్విచ్‌కు ప్రోగ్రామ్‌లో 1 మైక్రోసెకను విరామమే ఇస్తే, పైది ఇంకా మూసుకోకముందే కిందిది తెరుచుకుంటుంది. ఆ కాసేపు బ్యాటరీ ప్లస్, మైనస్‌లు నేరుగా కలిసినట్లే.

గడియారంతో వాట్లు

వీటిలో మీ కంట్రోలరు జబ్బు ఏదో తేల్చడానికి ఆసిల్లోస్కోప్ ఉంటే మంచిది. లేకపోయినా దారి ఉంది.

మొదట మోటారు తీగలు మూడూ విప్పి, పల్స్ నడుస్తుండగా బ్యాటరీ వైపు కరెంటు చూడండి. తొలిసారి బ్యాటరీకి, కంట్రోలరుకు మధ్య ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి చూడటం మేలు. 18 గేట్లనూ 12 వోల్టులతో సెకనుకు 16,000 సార్లు నింపి ఖాళీ చేయడానికి అయ్యేది అర వాటే. కంట్రోల్ బోర్డుతో కలిపినా కొద్ది వాట్లు దాటకూడదు. 84 వోల్టుల దగ్గర అర ఆంపియర్ లాగుతుంటే అది 42 వాట్లు. మోటారే లేనప్పుడు ఆ వేడి ఎక్కడిది? పై, కింది స్విచ్‌లు కలిసి తెరుచుకుంటున్నాయి.

ఆ పరీక్ష నెగ్గితే హీట్ సింక్‌ను తూకం వేయండి. కిలో అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 900 జౌళ్లు కావాలి. కాబట్టి కిలో సింక్ నిమిషానికి ఒక్క డిగ్రీ ఎక్కితే అందులోకి 15 వాట్లు చేరుతున్నట్లు. చల్లని సింక్‌తో మొదలుపెట్టి తొలి రెండు నిమిషాలే లెక్కలోకి తీసుకోవాలి. తర్వాత గాలికి పోయే వేడి లెక్కను చెడగొడుతుంది. వెనుక చక్రం లేపి, బ్రేకు కొంచెం పట్టించి, మోటారు కరెంటును ఒకే అంకె దగ్గర నిలపండి. మోటారు తీగలో కొలవడానికి డీసీ కొలిచే క్లాంప్ మీటరే కావాలి. చవక రకాలు ఏసీ మాత్రమే చూపుతాయి.

16 కిలోహెర్ట్‌జ్‌ల దగ్గర నిమిషానికి 24 డిగ్రీలు ఎక్కిందనుకుందాం. అది 360 వాట్లు. సింక్ చల్లారాక అదే కరెంటుతో, 8 కిలోహెర్ట్‌జ్‌లకు దించి చూస్తే 16 డిగ్రీలు. అది 240. స్విచింగ్ నష్టం ఫ్రీక్వెన్సీని బట్టే మారుతుంది, మిగతావి మారవు. తగ్గిన 120 వాట్లు స్విచింగ్‌లో సగం. కాబట్టి 16 దగ్గర స్విచింగ్ 240, మిగతావి 120. దోషం గేట్ దగ్గరుందని ఒక థర్మామీటరు, ఒక గడియారం చెప్పేశాయి. రెండు కొలతలూ దాదాపు ఒకటే వస్తే గేట్‌ను వదిలి నిరోధాలు, డయోడ్ వైపు చూడాలి.

ఉష్ణోగ్రతకు ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. మెరిసే అల్యూమినియం వేడిని సరిగా వెదజల్లదు కాబట్టి గన్ చాలా తక్కువ చూపిస్తుంది. ఒక ముక్క నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి దాని మీద కొలవండి. ఒక స్విచ్‌లోని మూడు మాస్ఫెట్లలో ఒకటే వేడిగా ఉంటే అది వేరే జబ్బు. ఈ రకానికి తెరుచుకునే గేట్ వోల్టేజీ 2 నుంచి 4 వరకు ఎక్కడైనా ఉండొచ్చని డేటాషీట్టే అంటోంది. ఉమ్మడి రెసిస్టర్ ఉంటే ముందు తెరుచుకున్నది మిగతా రెండింటి భారాన్నీ మోస్తుంది.

ఒక హెచ్చరిక. 10,000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్లు 84 వోల్టుల దగ్గర 35 జౌళ్లు దాచుకుంటాయి. బ్యాటరీ విప్పినా అవి విప్పినట్లు కాదు. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూశాకే చేయి పెట్టాలి. ఉంగరం, వాచీ తీసేయాలి. రిజిస్ట్రేషన్ అక్కర్లేని ఎలక్ట్రిక్ బండికి మన నిబంధనల్లో హద్దు 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు. రెండున్నర కిలోవాట్ల బండి పరీక్షలు ప్రహరీ లోపలే.

రాగి, పేస్టు, గాలి

మాస్ఫెట్లు చేసే వేడి కాక, వాటికి అంటుకునే వేడి ఒకటుంది. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. 10 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల పొడవు ట్రాక్ నిరోధం 4.9 మిల్లీఓమ్‌లు. 150 ఆంపియర్లకు 109 వాట్లు! అన్ని మాస్ఫెట్లూ కలిసి చేసే వేడికి దాదాపు సమానం. అదే పొడవు 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే 2.4 వాట్లు. ట్రాక్ మీద టంకం దట్టంగా పోయడం కొంత మేలు చేస్తుంది గానీ రాగి తీగ పరిచి టంకం వేయడం దానికన్నా ఎంతో నయం. సరిగా నొక్కని లగ్గు ఒక మిల్లీఓమ్ ఉంటే 22 వాట్లు. దాన్ని పట్టుకోవడం తేలిక. 100 ఆంపియర్లు పారుతుండగా జాయింటుకు అటూ ఇటూ మల్టీమీటరును మిల్లీవోల్టుల్లో పెడితే 100 చూపుతుంది. బాగున్న జాయింటు 10 లోపే ఉంటుంది.

పుట్టిన వేడి బయటికి పోయే దారిలో అసలు అడ్డంకి సింక్ కాదు, మాస్ఫెట్‌కు సింక్‌కు మధ్య ఉన్న సన్నటి పొర. టీఓ-220 ప్యాకేజీ వెనుక వైశాల్యం సుమారు ఒకటిన్నర చదరపు సెంటీమీటరు. దాని కింద 0.2 మిల్లీమీటర్ల సిలికోన్ ప్యాడ్ పెడితే, వాహకత 1 అనుకుంటే, ప్రతి వాటుకు 1.3 డిగ్రీలు. 0.6 మిల్లీమీటర్ల అల్యూమినా పలక మూడు రెట్ల మందం ఉండి కూడా 0.17 డిగ్రీలే. స్క్రూ రంధ్రం అంచున మిగిలిన బర్ర్ వల్ల 0.05 మిల్లీమీటర్ల గాలి చొరబడితే 13 డిగ్రీలు. కాగితం మందంలో సగమంత గాలి అది. ఒక మాస్ఫెట్ 19 వాట్లు చేస్తుంటే ఆ గాలి ఒక్కటే 240 డిగ్రీలు పైకి తీసుకెళ్లాలి. చిప్ హద్దు 175. అంతదాకా రాకముందే అది చస్తుంది, సింక్ మాత్రం ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది. రంధ్రం అంచు గీకి, నూలు గుడ్డతో రుద్ది, పేస్టును పలుచగా రాయాలి. దట్టంగా రాస్తే పేస్టు కూడా అడ్డమే. అర మిల్లీమీటరు పేస్టు వాటుకు 3 డిగ్రీలు దాటుతుంది.

సింక్ విషయానికి ఇప్పుడు రావచ్చు. దోషాలు సరిదిద్దాక మిగిలేవి 115, 40 కలిపి 155 వాట్లు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో నీడలోనే 45 డిగ్రీలు దాటుతుంది. సీటు కింద 50 అనుకుందాం. సింక్‌ను 85 దగ్గర ఆపాలంటే పెరుగుదలకు 35 డిగ్రీలే మిగిలాయి. కదలని గాలిలో చదరపు మీటరుకు, డిగ్రీకి 10 వాట్లు పోతాయనుకుంటే 0.44 చదరపు మీటరు పైవైశాల్యం కావాలి. సీటు కింద అంత చోటు లేదు. ఎదురుగాలి సాయపడుతుంది గానీ, నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఎదురుగాలే ఉండదు. అయితే కిలో సింక్ 155 వాట్లకు నిమిషానికి 10 డిగ్రీల చొప్పున ఎక్కుతుంది. 50 నుంచి 85కు చేరడానికి మూడున్నర నిమిషాలు. ఫ్లైఓవర్‌కు సరిపోతుంది, ఘాట్ రోడ్డుకు సరిపోదు. టేబుల్ మీద అర నిమిషం నడిపి బాగుందనుకున్న కంట్రోలరు ఏమీ రుజువు చేయలేదు.

కెపాసిటర్లను మరవకూడదు. సగం డ్యూటీలో వాటి గుండా ఊగే కరెంటు మోటారు కరెంటులో సగం, అంటే 75 ఆంపియర్లు. 100 వోల్టుల, 1,000 మైక్రోఫారడ్‌ల మామూలు ఎలక్ట్రోలిటిక్ తట్టుకునేది రెండు మూడు ఆంపియర్లే. నాలుగు పెట్టి సరిపెట్టుకుంటే అవి ఉబ్బుతాయి. పాతిక చిన్నవి గానీ, ఫిల్మ్ రకం గానీ పెట్టాలి. వాటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క.

ఘాట్ ఎక్కాల్సిన బండికి చవకైన మందు ప్రోగ్రామ్‌లోనే ఉంది. మోటారు తీగల్లో హాల్ సెన్సర్లు పెట్టి, మోటారు కరెంటుకే హద్దు రాయాలి. 150 నుంచి 100కు దించితే లాగుడు మూడో వంతు తగ్గుతుంది, నిరోధపు వేడి మాత్రం 115 నుంచి 51 వాట్లకు పడిపోతుంది. ఉదాహరణకు ఏసీఎస్758 హాల్ సెన్సర్‌లో కరెంటు దారి నిరోధం 0.1 మిల్లీఓమ్. అంటే 150 ఆంపియర్లకు అది చేర్చే వేడి రెండు వాట్ల పైచిలుకే. సింక్ మీద, మాస్ఫెట్ల వరుస మధ్యలో ఒక 10 కిలోఓమ్‌ల థర్మిస్టర్ బిగించి, 75 డిగ్రీల నుంచి కరెంటును మెల్లగా తగ్గిస్తూ 90 దగ్గర సున్నా చేయాలి. ఒక్కసారిగా కోస్తే ఎత్తు మధ్యలో బండి ఆగి వెనక్కి జారుతుంది, వెనుక లారీ ఉండొచ్చు. థర్మిస్టర్ తీగ తెగితే కొన్ని సర్క్యూట్లు దాన్ని చల్లదనంగా చదువుతాయి. కాబట్టి సున్నా కన్నా తక్కువ డిగ్రీలు కనిపిస్తే కరెంటును సగానికి దించే వరుస కూడా రాయాలి.